కొత్త ఏడాదిలో ఫోన్ల రేట్లు పెరుగుతాయంటున్నారు: ఇప్పుడే కొనాలా, కొత్త మోడళ్ల కోసం ఆగాలా?

పల్నాటి_మిర్చి · 21 డిసెంబరు 2025, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు ఫోన్లు కొనాలి. ఒకటి నాన్నకి, 20 వేలకి అటూఇటూగా. ఇంకోటి నాకు, 40 వేలు దాటకుండా. నాన్న మిర్చి రైతు. గుంటూరు యార్డులో ఏ రకం ఎంత పలికిందో వాట్సాప్‌లో చూసుకుంటారు, కమిషన్ దుకాణం వాళ్లతో మాట్లాడతారు, ఆకు ముడత పడితే ఫొటో తీసి పంపుతారు. అంతకు మించి పెద్దగా వాడరు. నేను నరసరావుపేటలో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. నా ఫోన్‌కి నాలుగేళ్లు, సాయంత్రం నాలుగింటికే ఛార్జింగ్ అయిపోతోంది.

సంక్రాంతి తర్వాత కొత్త మోడళ్లు వరసగా వస్తాయి, అప్పుడు తీసుకుందాం అనుకున్నా. ఇప్పుడేమో ఎక్కడ చూసినా రేట్లు పెరుగుతాయని రాస్తున్నారు. ఇది నిజమేనా, లేక మన చేత తొందరగా కొనిపించడానికి చెప్పే మాటా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఖమ్మం_కౌంటర్ · 21 డిసెంబరు, రాత్రి 10:02

బ్రదర్, నేను పదకొండేళ్లుగా మొబైల్ షాపు నడుపుతున్నా. పెరుగుతాయన్నది నిజమే. కొన్ని మోడళ్లకి ఈ నెలలోనే మాకు వచ్చే రేటు మారింది. బయటికి కనిపించేది ఇంకా తక్కువే, ఎందుకంటే పాత స్టాకు ఉన్నంతవరకు పాత ధరకే ఇస్తున్నాం.

ఇంకో సంగతి. ధర మారకుండానే ఫోన్ ఖరీదైపోవడం కూడా ఉంటుంది, అది చాలామంది గమనించరు. శాంసంగ్ ఏ16 5జీ 2024 అక్టోబరులో వచ్చినప్పుడు 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ కలిపి 18,999. ఏ17 5జీ 2025 ఆగస్టులో అదే 18,999కి వచ్చింది, కానీ ర్యామ్ 6 జీబీ. 8 జీబీ కావాలంటే 20,499. కౌంటర్ దగ్గర కస్టమర్ "పాతదాని రేటే కదా" అని సంతోషంగా తీసుకెళ్తాడు. నేను మాత్రం డబ్బా తిప్పి ఆ అంకె చూపించి చెప్తా. వచ్చే ఏడాది ఇలాంటివి ఇంకా ఎక్కువ వస్తాయి.

రెండో_షిఫ్ట్ · 21 డిసెంబరు, రాత్రి 11:37

హైదరాబాద్‌లో చిప్ డిజైన్‌లో పనిచేస్తున్నా. కారణం చెప్తాను.

ఫోన్‌లో ర్యామ్‌గా వాడే డీర్యామ్‌ని ప్రపంచంలో ప్రధానంగా తయారుచేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఇప్పుడు ఏఐ సర్వర్లకి హెచ్‌బీఎం అనే ఖరీదైన మెమరీ కావాలి. అందులో చిప్పులను ఒకదాని మీద ఒకటి పేర్చుతారు, అంతే జీబీలకి మామూలు ర్యామ్ కంటే చాలా ఎక్కువ సిలికాన్ పడుతుంది. లాభం అక్కడే ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీ సామర్థ్యం అటు మళ్లింది. ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి మిగిలేది తగ్గింది. మైక్రాన్ అయితే మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే క్రూషల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు డిసెంబరు 3న ప్రకటించింది. అది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది, నా మొదటి కంప్యూటర్‌లో వేసుకున్న ర్యామ్ అదే.

కొత్త మెమరీ ఫ్యాక్టరీ కట్టి, దాన్నించి చిప్పులు బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి రెండు నెలలు ఆగితే తగ్గుతుందన్న ఆశ పెట్టుకోకండి.

ఫైనలియర్_ఈసీఈ · 22 డిసెంబరు, ఉదయం 7:50

అన్నా, మెమరీ సంగతి ఒప్పుకుంటా. కానీ అంతకుముందు ఏళ్లలో పెంచినవాటికి ఏ కారణం చెప్తారు? 2017 జనవరిలో రెడ్‌మీ నోట్ 4 మొదలైంది 9,999కి. రెడ్‌మీ నోట్ 14 5జీ 2024 డిసెంబరులో 18,999కి. 2018లో పోకో ఎఫ్1 ఆ ఏడాది టాప్ చిప్ స్నాప్‌డ్రాగన్ 845తో 20,999కి ఇచ్చింది. ఇవాళ టాప్ చిప్ ఉన్న వన్‌ప్లస్ 15 ధర 72,999. నథింగ్ మొదటి ఫోన్ 32,999, రెండోది 44,999, మూడోది 79,999. మూడేళ్లలో!

మాలాంటి విద్యార్థులు చూసేది ఇదే. అప్పట్లో ట్యూషన్లు చెప్పుకుని దాచిన డబ్బుతో మంచి ఫోన్ వచ్చేది. మా సీనియర్లు అలాగే కొన్నారు. నాకు ఆ అవకాశం లేదు, ఇంట్లో అడగాలి, అడగడానికి మనసొప్పదు.

లెక్కల_టీచరమ్మ · 22 డిసెంబరు, సాయంత్రం 5:20

బాబూ, నీ కోపం అర్థమైంది. కానీ 9,999ని, 18,999ని పక్కపక్కన పెట్టి పోల్చితే లెక్క పూర్తి కాదు. మధ్యలో రెండు మారాయి.

ఒకటి పన్ను. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఫోన్ల మీద 12 శాతం. 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం. మొన్న సెప్టెంబరులో పెద్ద టీవీలకి, ఏసీలకి 28 నుంచి 18కి తగ్గించారు గానీ ఫోన్లు ఉన్నచోటే ఉన్నాయి. నువ్వు 20,000 పెట్టి కొనే ఫోన్‌లో 3,051 రూపాయలు జీఎస్టీనే. పాత 12 శాతమే ఉండుంటే అదే ఫోన్ 19 వేల లోపు వచ్చేది. చేతిలో ఫోన్ లేకపోతే బడి హాజరు, రేషన్ ఓటీపీ, బ్యాంకు, ఏదీ జరగని రోజుల్లో దాన్ని 18 శాతంలో ఉంచడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

రెండోది డాలరు. 2017 మొదట్లో 68 రూపాయల దగ్గర ఉంది, ఈ నెలలో 90 దాటింది. ఫోన్ మన దేశంలోనే బిగించినా చిప్, మెమరీ, డిస్‌ప్లే చాలావరకు బయటినుంచే కొనాలి, డాలర్లలోనే కొనాలి.

ఇంకొక మాట, ఇది మోసపోయి నేర్చుకున్నది. నో కాస్ట్ ఈఎంఐ అని పోయినేడు 36 వేల ఫోన్ తీసుకున్నాను. వడ్డీ ఉండదన్నారు. నిజానికి బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ముందే ధరలో తగ్గిస్తారు. అక్కడిదాకా సరే. కానీ ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. నా స్టేట్‌మెంట్‌లో వడ్డీ 2,500, దాని మీద జీఎస్టీ 450, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నెలనెలా కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి కనపడదు. ఈఎంఐ తీసుకునేవాళ్లు ఆ కాగితం ఒక్కసారి పూర్తిగా చదవండి.

ఫైనలియర్_ఈసీఈ · 22 డిసెంబరు, సాయంత్రం 6:05

మేడమ్, పన్ను సంగతి నాకు తెలియదు. ధన్యవాదాలు. కానీ పన్ను, డాలరు కలిపినా 9,999 ఎక్కడ, 18,999 ఎక్కడ?

లెక్కల_టీచరమ్మ · 22 డిసెంబరు, సాయంత్రం 6:31

అప్పటి దాంట్లో 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, 4జీ. ఇప్పటి దాంట్లో 6 జీబీ, 128 జీబీ, 5జీ, అమోలెడ్ తెర. పెరిగిన ధరలో వస్తువు పెరిగినదీ ఉంది. అయినా నీ మాటలో న్యాయం లేకపోలేదు: పదివేలకి బాగా నడిచే ఫోన్ అన్న మెట్టే మాయమైంది. మా బడి పిల్లల ఇళ్లలో కావాల్సింది ఆ మెట్టే.

స్క్రూడ్రైవర్ · 22 డిసెంబరు, రాత్రి 11:10

హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్ల రిపేరు పని నేర్చుకున్నా, ఇప్పుడు సొంతంగా చేస్తున్నా. ఎవరూ అడగని విషయం చెప్తా. కొనేటప్పుడు డిస్‌ప్లే పగిలితే ఎంత అవుతుందో ముందే అడగండి.

పోయిన వారం ఒకామె వచ్చింది. 17 వేల ఫోన్, కొని పద్నాలుగు నెలలు. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. రాత్రి అప్‌డేట్ పెట్టుకుని పడుకుంది, పొద్దున లేచేసరికి తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత. మధ్యాహ్నానికి రెండో గీత. సర్వీస్ సెంటర్‌కి పోతే వారంటీ దాటింది కాబట్టి డిస్‌ప్లేకి 6,800 కట్టమన్నారట. కూతురి ఆన్‌లైన్ క్లాసులు ఆ ఫోన్‌లోనే. కౌంటర్ మీద ఫోన్ పెట్టి, వేలితో ఆ గీత మీద రుద్దుతూ "ఇది తుడిస్తే పోదా బాబూ" అని అడిగింది. పోదమ్మా, లోపల ప్యానెల్‌కి వెళ్లే లైన్ దెబ్బతింది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పల్నాటి అన్నా, నీ నాలుగేళ్ల ఫోన్ ఇంకేమీ ఇబ్బంది పెట్టకపోతే బ్యాటరీ మార్పించు. లిథియం బ్యాటరీ కొన్ని వందల సార్లు నిండి ఖాళీ అయితే బలం తగ్గడం మామూలే, అది ఫోన్ పాడవడం కాదు. యూరప్‌లో మొన్న జూన్ 20 నుంచి కొత్త రూలు వచ్చింది: 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం సామర్థ్యం మిగలాలి, అమ్మకం ఆపాక ఏడేళ్లు స్పేర్ పార్టులు దొరకాలి. అలాంటి రూలు మనకీ రావాలి. వస్తే నాకు పని తగ్గొచ్చు, అయినా రావాలి.

పాడేరు_మాస్టారు · 23 డిసెంబరు, ఉదయం 6:40

ఏజెన్సీలో, అంటే మన్యంలో, పనిచేస్తున్నాను. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడిగేవాళ్లే గానీ బ్యాండ్లు, అంటే ఫోన్ ఏయే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు అందుకుంటుందో, అడిగేవాళ్లు కనపడరు. మాకు అదే ప్రాణం.

జియో 5జీకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది, ఎన్28 అంటారు. తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి దూరం పోతుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది. బీఎస్ఎన్ఎల్ 4జీ కూడా 700లో బీ28, 2100లో బీ1 వాడుతోంది. కొనే ఫోన్‌లో ఈ బ్యాండ్లు లేకపోతే పక్కవాడికి సిగ్నల్ వచ్చి మనకి రాదు. నాకు అదే జరిగింది. మా స్కూలు వరండాలో తోటి టీచరు హాజరు యాప్ పని చేస్తుంటే నేను ఫోన్ పట్టుకుని గట్టు మీదికి నడిచేవాణ్ని. రెండేళ్లు అలాగే చేశాను, తప్పు టవర్‌ది అనుకుని.

కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ల చివర ఈ పట్టిక ఉంటుంది. చదివి కొనండి.

డల్లాస్_తెలుగోడు · 23 డిసెంబరు, ఉదయం 9:15

ఇండియాలో చుట్టాలందరూ "వచ్చేటప్పుడు ఐఫోన్ తీసుకురా" అంటారు కాబట్టి ఇది రాస్తున్నా. ఐఫోన్ 17 ఇక్కడ 799 డాలర్లు, ఇండియాలో 82,900. పైకి తేడా బాగానే కనపడుతుంది. కానీ డల్లాస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం కలిపితే 865 అవుతుంది, 90 రూపాయల లెక్కన 77,850. మిగిలేది ఐదువేలే. పైగా ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ మాత్రమే. మా బావమరిదికి తెచ్చిచ్చాక ఊళ్లో ఈసిమ్ మార్పించుకోవడానికి మూడుసార్లు తిరిగాడు. పోయినసారి అమ్మకి కావాలంటే విజయవాడలోనే కొనిపించాను.

కాకినాడ_కెమెరా · 23 డిసెంబరు, మధ్యాహ్నం 1:25

పెళ్లిళ్లకి ఫొటోలు, రీల్స్ తీస్తాం. నేను శాంసంగ్ ఎస్26 అల్ట్రా కోసం ఆగుతున్నా. ధర ఎంతైనా వృత్తికి కాబట్టి పెడతా. ఎస్25 అల్ట్రా 1,29,999కి వచ్చింది, ఇది ఇంకా పెరిగినా ఆశ్చర్యపోను. ఒక్క బ్యాటరీ మాత్రం పెంచాలి. 2020లో ఎస్20 అల్ట్రాకి 5000 ఎంఏహెచ్, 2025లో ఎస్25 అల్ట్రాకి కూడా అదే 5000. తలంబ్రాల వేళకి పవర్‌బ్యాంకు తగిలించుకుని తీస్తుంటే వైరు ఫ్రేములోకి వస్తోంది.

ఫైనలియర్_ఈసీఈ · 23 డిసెంబరు, మధ్యాహ్నం 2:10

చైనా కంపెనీలు ఇప్పటికే సిలికాన్ కార్బన్ బ్యాటరీకి వెళ్లిపోయాయి కదా. వన్‌ప్లస్ 13కి 6000, 15కి 7300. ఆనోడ్‌లో, అంటే బ్యాటరీలో ఛార్జ్ నిల్వ ఉండే వైపు, గ్రాఫైట్‌తో పాటు సిలికాన్ కలిపితే అదే జాగాలో ఎక్కువ లిథియం పడుతుంది. ఫోన్ లావు పెరగనక్కర్లేదు.

రెండో_షిఫ్ట్ · 23 డిసెంబరు, రాత్రి 11:50

నిజమే, కానీ సిలికాన్ ఛార్జ్ అయినప్పుడు బాగా ఉబ్బుతుంది, మళ్లీ తగ్గుతుంది. దాన్ని అదుపులో పెట్టడమే అందులో అసలు పని. నాలుగైదేళ్లు వాడిన సిలికాన్ కార్బన్ ఫోన్లు మన చేతుల్లో ఇంకా ఎక్కువ లేవు. ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్న శాంసంగ్ లాంటి కంపెనీ ఆచితూచి వెళ్తే నేను తప్పుపట్టను.

ఇంకోటి తమ్ముడూ, వన్‌ప్లస్ 15 బ్యాటరీ చూశావు, మిగతాదీ చూడు. 13లో తెర క్యూహెచ్‌డీ ప్లస్, 15లో దానికంటే తక్కువ రిజల్యూషన్. కెమెరా సెన్సర్లు కూడా చిన్నవయ్యాయి, కెమెరా కంపెనీ హాసెల్‌బ్లాడ్‌తో ఉన్న ఒప్పందం పోయింది. ధర మాత్రం 69,999 నుంచి 72,999. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నారు.

రైడర్_విశాఖ · 24 డిసెంబరు, రాత్రి 12:45

డెలివరీ చేస్తాను, ఇప్పుడే ఇంటికొచ్చా. పన్నెండు గంటలు మ్యాప్ వేసి బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి తిరుగుతా. నాకు 165 హెర్ట్జ్ తెర వద్దు, ఏఐతో ఫొటోలో మనుషుల్ని తీసేయడం వద్దు. మూడే కావాలి. మధ్యాహ్నం రెండింటికి బీచ్ రోడ్డులో ఎండ పడినా మ్యాప్ కనపడాలి. వేడెక్కి దానంతటదే వెలుతురు తగ్గించేసుకోకూడదు. రాత్రిదాకా ఛార్జింగ్ ఉండాలి. పెద్ద బ్యాటరీ ఫోన్లు వచ్చాక నాకు రోజుకి ఒక గంట మిగిలింది, ఆ గంటలో ఇంకో రెండు ఆర్డర్లు పడతాయి. బ్యాటరీ కోసం రెండు వేలు ఎక్కువ అడిగినా ఇస్తా. మిగతావాటికి ఇవ్వను.

పల్నాటి_మిర్చి · 24 డిసెంబరు, ఉదయం 8:30

అందరికీ చాలా ధన్యవాదాలు. నాన్న ఫోన్ గురించి ఒక ఇబ్బంది చెప్పడం మర్చిపోయా. వేలిముద్ర పడదు. నలభై ఏళ్లు పార, గొడ్డలి పట్టిన చేతులు. బొటనవేలు మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, మధ్యలో ఒక పగులు అడ్డంగా ఉంటుంది. ఇప్పుడు మిరప కోతలు, చేతికి కారం ఘాటు, చెమట. అరగంట ప్రయత్నించి "నా వేలు దీనికి నచ్చదురా" అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. మీసేవలో కూడా ఇదే తంటా. దీనికేమైనా దారి ఉందా? తెర లోపల ఉండే సెన్సర్ మంచిదా, పక్కన బటన్ మీద ఉండేదా?

స్క్రూడ్రైవర్ · 24 డిసెంబరు, ఉదయం 10:05

అన్నా, పక్క బటన్ మీద ఉండేదే తీసుకో. 20 వేలలోపు ఫోన్లలో తెర లోపల వచ్చేది ఎక్కువగా వెలుతురుతో ఫొటో తీసే రకం, అరిగిన వేళ్లకి ఇబ్బంది. బొటనవేలు వద్దు, ఎడమచేతి ఉంగరపు వేలు చూడు, పనిలో తక్కువ అరుగుతుంది. అదే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు వేళ్లలాగా రిజిస్టర్ చెయ్. ఒకసారి చేతులు కడిగి తుడిచాక, ఒకసారి పొలంనుంచి వచ్చిన చేతితో. మా నాన్నకి అలాగే చేశా, పదిలో ఏడెనిమిదిసార్లు తెరుచుకుంటుంది. మిగతా అప్పుడు నాలుగంకెల పిన్.

ఖమ్మం_కౌంటర్ · 24 డిసెంబరు, ఉదయం 11:20

ఇప్పటిదాకా విన్నదాన్నిబట్టి నాన్నగారికి ఏ17 5జీ, 8 జీబీది చూడు. సెన్సర్ పక్కనే ఉంది. ఆరేళ్లు అప్‌డేట్లు. ఏ16తో పోల్చి నేను ర్యామ్ తగ్గిందన్నా కదా, కెమెరాకి ఓఐఎస్ కొత్తగా వచ్చిందన్నది కూడా చెప్పాలి, చెయ్యి వణికినా ఆకు ఫొటో స్పష్టంగా వస్తుంది. బ్యాటరీ 5000, మీ నాన్నగారి వాడకానికి సరిపోతుంది. రైడర్ తమ్ముడికైతే ఇది చెప్పను, చిప్ మామూలుది.

కొనేటప్పుడు ఆన్‌లైన్ ధర చూపించి షాపులో అడుగు. మా దగ్గర ఎంఓపీ అని కంపెనీ చెప్పిన రేటు ఉంటుంది, బిల్లు దానికంటే తగ్గించలేం. కానీ గ్లాస్, పౌచ్, ఒక్కోసారి పాత ఫోన్ మార్పిడిలో ఐదారొందలు ఎక్కువ కట్టడం మా చేతిలో ఉంటుంది. అడిగినవాళ్లకే ఇస్తాం, అది నిజం.

రెండో_షిఫ్ట్ · 24 డిసెంబరు, రాత్రి 10:40

నీ ఫోన్ విషయంలో నా మాట: 40 వేలు పెట్టేటప్పుడు రాబోయే మధ్యతరగతి మోడల్ కంటే రెండేళ్ల కిందటి ఫ్లాగ్‌షిప్, అంటే కంపెనీ పై తరగతి ఫోన్, మేలు. శాంసంగ్ గెలాక్సీ ఎస్24 2024 జనవరిలో 74,999కి వచ్చింది, మొన్న దసరా సేల్‌లో స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్నది 40 వేలలోపు అమ్మారు. ఏడేళ్ల అప్‌డేట్ల మాట ఇచ్చారు కాబట్టి ఇంకా ఐదేళ్లు మిగిలాయి. అందులో ఉన్న ర్యామ్ పాత రేటుకి కొన్నది. మెమరీ రేటు పెరిగాక తయారయ్యే 40 వేల ఫోన్‌లో ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. వన్‌ప్లస్ 13ఆర్ 42,999, ఈ నెల వచ్చిన 15ఆర్ 47,999, ఆ దారి ఎటు వెళ్తోందో కనపడుతూనే ఉంది.

షావోమీ అధ్యక్షుడు లూ వెయ్‌బింగ్ కూడా మెమరీ ఖర్చు తాము అనుకున్నదానికన్నా ఎక్కువగా పెరిగిందని అక్టోబరులోనే చెప్పారు. చైనాలో రెడ్‌మీ కే90 ధర మీద జనం గొడవ చేస్తే 12 జీబీ, 512 జీబీ మోడల్‌కి మొదటి నెల 300 యువాన్లు తగ్గించాల్సి వచ్చింది. గట్టిగా అడిగితే కంపెనీ వింటుంది, ఇక్కడ కూడా అడగాలి.

కాకినాడ_కెమెరా · 25 డిసెంబరు, ఉదయం 7:15

ఎస్24 బ్యాటరీ 4000 అన్నది కూడా చెప్పండి సార్. చేతిలో చిన్నగా బాగుంటుంది, కానీ సాయంత్రం నాలుగింటికే అయిపోతోందని బాధపడే మనిషికి అది చెప్పే ముందు ఆలోచించాలి.

రెండో_షిఫ్ట్ · 25 డిసెంబరు, ఉదయం 9:00

సరైన మాట. ఆ విషయం నేను చెప్పి ఉండాల్సింది. అతను ఎక్కువ సేపు బయట తిరిగేవాడైతే అది వద్దు.

పల్నాటి_మిర్చి · 28 డిసెంబరు, రాత్రి 8:55

ఇవాళ కొన్నాం. నాన్నకి ఏ17 5జీ, 8 జీబీ, 128 జీబీ. నరసరావుపేటలోనే తీసుకున్నా. ఖమ్మం అన్న చెప్పినట్టు అడిగితే పాత ఫోన్‌కి 400 ఎక్కువ కట్టారు, గ్లాస్ ఊరికే వేశారు.

నా ఫోన్ కొనలేదు. స్క్రూడ్రైవర్ అన్న మాట విని బ్యాటరీ మార్పించా, 1,450 అయింది. మూడు రోజులుగా రాత్రి పదింటికి కూడా 30 శాతం మిగులుతోంది. 40 వేలు మిగిలాయి, వాటిలో కొంత రెండో కోత కూలీలకి ఇచ్చాం.

నాన్నకి ఎడమచేతి ఉంగరపు వేలు రెండుసార్లు పెట్టా. పొద్దున కల్లంలో కాయలు ఆరబోస్తూ ఫోన్ మోగితే అదే చేత్తో తీశారు, తెరుచుకుంది. నావైపు చూసి ఏమీ అనలేదు, మళ్లీ ఆపేసి మళ్లీ తెరిచారు. అలా నాలుగైదుసార్లు.

పాడేరు_మాస్టారు · 29 డిసెంబరు, ఉదయం 6:20

చదువుతుంటే చాలా సంతోషమనిపించింది బాబూ. ఆ పద్ధతి మా దగ్గర పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ల ఫోన్లలో ఇవాళే చేసి చూస్తాను. స్క్రూడ్రైవర్ గారూ, వేలు పగిలి ఉంటే కొబ్బరినూనె రాసి ఎంతసేపు ఆగాలి?

స్క్రూడ్రైవర్ · 29 డిసెంబరు, ఉదయం 9:40

రాత్రి రాసి పొద్దున చేయండి మాస్టారూ. వెంటనే చేస్తే నూనె జిడ్డుకి సెన్సర్ చదవదు. పెట్టే ముందు సెన్సర్‌ని పొడి బట్టతో ఒకసారి తుడవండి.